జిప్సీకి ఇంజెక్షన్: మన కాలవ ఊళ్ళ బండ్ల కథలో ఒక భాగం

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. తీరిక చూసుకుని చదవండి.

ఇంజెక్షన్ అనే మాట మన క్యాంపుల్లోకి కారుతో రాలేదు, ట్రాక్టరుతో వచ్చింది. 1953 జూలైలో తుంగభద్ర డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ కింద నల్లరేగడి సాగులోకి వస్తుందని తెలిసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మన తాతలు, నాన్నలు వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. నీళ్ళు వదిలిన నాటికి రాయచూరు ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. గంగావతి కూడా 1997లో కొప్పళ జిల్లా అయ్యేదాకా మన జిల్లానే. వానపడితే ఆ మట్టిలో ఎద్దు కాలు కూడా బయటికి రాదు. అలాంటి చోట దమ్ము చెయ్యాలంటే ట్రాక్టరు కావాల్సిందే. ట్రాక్టరంటే డీజిల్, డీజిలంటే పంపు, నాజిల్. 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీ పేరు మన పెద్దవాళ్ళకి బాష్ అనే పేరుకంటే బాగా తెలుసు. రెండూ ఒక గూటివే అనుకోండి. పంపు ఎప్పుడు కొట్టాలి, నాజిల్ చిమ్ముతోందా కారుతోందా అని పొగ రంగు చూసి చెప్పేవాళ్ళు మనలో ఎంతోమంది ఉండేవారు.

పెట్రోలు బండి దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. జీపైనా, అంబాసిడరైనా, ఆ తర్వాత వచ్చిన మారుతీ అయినా అన్నిటికీ కార్బొరేటరే. దాంట్లో పెట్రోలుని ఎవరూ తొయ్యరు, ఇంజిన్ పీల్చుకునే గాలే దాన్ని లాక్కుపోతుంది. గాలి సన్నటి గొంతులోంచి వేగంగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, పక్కనున్న జెట్ లోంచి పెట్రోలు పైకి వస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు, కరెంటుతో పనే లేదు. కాకపోతే దానికి కళ్ళు లేవు. పొద్దున చలి అని తెలియదు, అందుకే చోక్ లాగాలి. మే నెల ఎండకి గిన్నెలో పెట్రోలు ఆవిరవుతోందని తెలియదు, అందుకే మస్కి రోడ్డు మీద బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చునేవాళ్ళం.

బయట ప్రపంచంలో దీనికి విరుగుడు వెతకడం చాలా ముందే మొదలైంది. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లో బాష్ పంపు పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి కొట్టేది. అంటే మన ట్రాక్టరు పద్ధతినే పందెం కారుకి పెట్టారన్నమాట! 1957లో షెవర్లే కార్వెట్‌కి ఇంజెక్షన్ పెట్టి, 283 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ నుంచి 283 హార్స్‌పవర్ తీశామని గొప్పగా చెప్పుకున్నారు. అవన్నీ డబ్బున్నవాళ్ళ బండ్లు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600కి బాష్ వాళ్ళు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టాక ఈ వ్యవహారం పంపు చేతిలోంచి కరెంటు చేతిలోకి మారింది.

థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ పుట్టింది మాత్రం గొప్పలకి కాదు, అవసరానికి. అమెరికాలో పొగ నిబంధనలు బిగిసేసరికి కార్బొరేటరు వాటిని అందుకోలేకపోయింది. అలాగని ప్రతి సిలిండర్‌కీ ఒక ఇంజెక్టర్ పెట్టాలంటే ఖర్చు. అందుకని మధ్యే మార్గం పట్టారు. కార్బొరేటరు కూర్చునే చోటే, అదే మ్యానిఫోల్డు మీద, గాలి మూత పైన ఒకటో రెండో ఇంజెక్టర్లు పెట్టి కంప్యూటర్ చేతికి ఇచ్చారు. జనరల్ మోటార్స్ 1980లో క్యాడిలాక్‌తో మొదలుపెట్టి తర్వాత మామూలు బండ్లన్నిటికీ పాకించింది. 1982 కార్వెట్‌కి అయితే రెండు థ్రాటిల్ బాడీలు పెట్టి క్రాస్‌ఫైర్ అని పేరు పెట్టారు, 200 హార్స్‌పవర్. జనం దానికి సీజ్‌ఫైర్ అని ఇంకో పేరు తగిలించారు. 1985లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ వచ్చాక 230కి పోయింది. నిజానికి అక్కడ తప్పు ఇంజెక్టర్లది కాదు, గాలి దారులు ఇరుకైన మ్యానిఫోల్డుది. ఇప్పటికీ ఆ కార్లున్నవాళ్ళు మ్యానిఫోల్డు దారులు అరగదీసి, థ్రాటిల్ బొక్క పెద్దది చేసి, ప్రెషర్ రెగ్యులేటర్ మార్చి, కంప్యూటర్ చిప్ కొత్తగా రాయించి బాగుచేసుకుంటున్నారు. గాలి దారి వదిలేసి పెట్రోలు ఒక్కటే పెంచితే బండి నల్లపొగ వదులుతుందే తప్ప పరిగెత్తదు.

ఇక మన జిప్సీ. 1985లో వచ్చినప్పుడు 970 సీసీ, 45 హార్స్‌పవర్. 1996లో జిప్సీ కింగ్ వచ్చింది: 1298 సీసీ, 60 హార్స్‌పవర్, మళ్ళీ కార్బొరేటరే. పట్నంవాళ్ళు దీన్ని పోలీసుల బండి, మిలిటరీ బండి అంటారు గానీ మన దేశంలో రాలీలు చూసినవాళ్ళకి అది పందెం గుర్రం. బెంగళూరు కె-1000 రాలీలో దుమ్ము లేపుతూ పోయిన జిప్సీలెన్నో. మా కడుపు మండేది ఇక్కడే. ఇదే కుటుంబపు ఇంజిన్ ఉన్న సుజుకీ సామురాయ్‌కి అమెరికాలో 1990లోనే థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ పెట్టి అమ్మారు. మనకి అన్న వరసయ్యే బండికి అక్కడ ఇంజెక్షన్, ఇక్కడ ఇంకో పదేళ్ళు చోక్ లాగుడు.

కంపెనీని తిట్టుకుని లాభం లేదు, అసలు చిక్కు మన పెట్రోలులో ఉంది. అప్పట్లో దాంట్లో సీసం కలిపేవారు. సీసం తగిలితే సైలెన్సర్లోని క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ రెండూ చచ్చిపోతాయి. ఆ సెన్సరే ఇంజెక్షన్‌కి కన్ను. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది. మన దాకా, అంటే దేశమంతా, వచ్చేసరికి 2000 ఫిబ్రవరి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు దేశమంతటా అమలయ్యాయి, జిప్సీ కూడా ఎంపీఎఫ్ఐకి మారింది. 16 వాల్వులు, 80 హార్స్‌పవర్. థ్రాటిల్ బాడీ మెట్టు ఎక్కకుండానే మనం పై మెట్టుకి దూకేశాం. అందుకే మన మెకానిక్కుల్లో చాలామందికి ఈ సింగిల్ ఇంజెక్టర్ వ్యవహారం చేతికి తగల్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన క్యాంపుల్లో కేఏ 36 నంబరుతో కార్బొరేటర్ జిప్సీలు ఇంకా ఉన్నాయి. ఒక ఇంట్లో పెద్దాయన పోయాక ఆయన 1997 బండిని పాత ఇనుముకి ఇవ్వాలా, ఇంజెక్షన్ పెట్టించాలా అని పిల్లలు అడుగుతున్నారు. ఒక షాపువాళ్ళు వైరింగు సగం కోసి ఇక మా వల్ల కాదని తిప్పి పంపారట. దానికి తోడు ఈ20 పెట్రోలు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులోనే దాన్ని ప్రారంభించారు, ఇప్పుడు ఏ బంకులో చూసినా అదే. మంచి పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే లెక్క పదమూడున్నరకి దిగుతుంది. కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు, పాత లెక్కలోనే పోస్తుంది. అంటే ఇంజిన్‌కి నూటికి ఏడెనిమిది పాళ్ళు ఇంధనం తక్కువ పడుతుంది. పికప్ చస్తుంది, వేడెక్కుతుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, ఇథనాల్ తేమని పీల్చి ట్యాంకులో తుప్పు లేపుతుంది. ఆ ఇథనాల్‌లో కొంత నూక బియ్యం నుంచి కూడా తీస్తున్నారు. మనం పండించిన వడ్లే మన బండిని ఇబ్బంది పెడుతున్నాయంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ అయితే ఈ తేడాని తానే చూసి సర్దుకుంటుంది. థ్రాటిల్ బాడీ పెడితే పాత మ్యానిఫోల్డు అలాగే ఉంటుంది, పది పదమూడు పీఎస్ఐ ప్రెషర్ చాలు, కోత తక్కువ. కానీ ఆ సామాను బయటి దేశం నుంచి రావాలి, పాడైతే మళ్ళీ అక్కడికే చూడాలి. ఎంపీఎఫ్ఐ సామాను బెంగళూరు జేసీ రోడ్డులో వెతికితే దొరుకుతుంది, ప్రెషర్ మాత్రం నలభై పీఎస్ఐ దగ్గర ఉంటుంది, పాత గొట్టాలు ఒక్కరోజు ఆగవు. మా ఓటు రెండోదానికే. ఏది పెట్టినా ట్యాంకు ముందు కడిగించాలి, రిటర్న్ లైను వేయించాలి, ఎర్త్ వైరు ఇంజిన్‌కి గట్టిగా బిగించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ ఆగగానే ఎలక్ట్రిక్ పంపు కూడా ఆగేలా రిలే ఉండాలి. పాత పంపు ఇంజిన్‌తో పాటే ఆగిపోయేది. ఇది ఆగదు, బండి బోల్తా పడ్డా పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 8 వాల్వుల ఇంజిన్ తీసి 16 వాల్వులది పెడితే ఇంజిన్ నంబరు మారుతుంది, ముందు ఆర్టీవో అనుమతి లేకుండా చేయిస్తే రేపు ఇన్సూరెన్సువాళ్ళు చేతులెత్తేస్తారు. ఉన్న ఇంజిన్‌కే ఇంజెక్షన్ పెట్టాలన్నా రాయచూరు ఆఫీసులో కాగితం మీద అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోండి.

అనుమతి రాకపోతే కార్బొరేటర్ ఉంచేసి మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించి, గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి మార్పించి నడుపుకోవచ్చు. 1997 బండికి మేము ముందు ఇదే చేయించమన్నాం. సగం కోసిన వైరింగు అతికించడం పూర్తయింది, జెట్లు ఇంకా రావాలి.