నాణెములపై మిగిలిన రాజులు

శాతవాహనుల పేరు వినని తెలుగువారు అరుదు. బూన్ లేలో మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు కూడ ఆ పేరు చెప్పగలరు. కాని గోభదుడు, నారనుడు, కంవాయుడు, సిరివాయుడు, సమగోపుడు ఎవరని అడిగితే పెద్దలము సైతం మౌనం వహిస్తాము. ఇందుకు మనలను ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. 1970ల వరకు పండితులకే వారి సంగతి తెలియదు. పురాణాలు ఇచ్చిన ఆంధ్ర రాజుల పట్టికలలో వారి పేర్లు లేవు. వారు ఉన్నారని మనకు చెప్పినవి నాణెములే.

గోదావరిలో పెద్దవాగు వచ్చి కలిసే చోట కోటిలింగాల అనే గ్రామం ఉన్నది. అది ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుండి జగిత్యాల జిల్లా. ఊరి దగ్గర పాత కోట దిబ్బలు ఉన్నవి. వాన వెలిసిన తరువాత ఆ మట్టిలో చిన్న చిన్న లోహపు బిళ్ళలు పైకి తేలేవి. వాటిని చిల్లపెంకులతో సమానంగా చూసినవారే ఎక్కువ. చరిత్ర మీద మక్కువ గల స్థానికులు కొందరు మాత్రం వాటిని ఏరి, దాచి, చదవగలవారి దగ్గరకు తీసుకొని వెళ్ళారు. కాకతీయుల చరిత్రలో పేరుపొందిన డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను చదివి లోకానికి తెలియజేశారు. పిమ్మట రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ త్రవ్వకాలు జరిపింది. ఈనాడు ఆ తీరంలోకి ఎల్లంపల్లి జలాశయపు నీరు వచ్చింది. నాడు ఏరి ఉంచినవారి విలువ ఇప్పుడు మరింత తెలుస్తున్నది.

నాణెము మీద వ్రాత చాల కొద్ది. "రఞో గోభదస" అని ఉంటుంది. ప్రాకృతంలో దానికి "గోభద రాజుది" అని అర్థం. షష్ఠీ విభక్తి అంటే జంకే మా విద్యార్థులకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. అందులో తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు, సంవత్సరం లేదు. అదే చోట చిముక శాతవాహనుని నాణెములు కూడ దొరికినవి. పురాణాలు శిశుకుడని, సింధుకుడని చెప్పే తొలి శాతవాహన రాజు ఇతడేనని పలువురి అభిప్రాయం. అందువల్ల గోభదాదులు శాతవాహనులకు కొంచెం ముందు, అనగా ఇప్పటికి రెండు వేల రెండు వందల ఏండ్లకు అటూ ఇటూగా, అక్కడ పాలించి ఉంటారని ఎక్కువ మంది తలుస్తారు. శాతవాహనుల మొదటి రాజధాని కోటిలింగాలయా, మహారాష్ట్రలోని పైఠానా అన్న వాదం తెగలేదు. తెలుగువారమన్న అభిమానంతో దానిని మనమే తేల్చివేయడం మాకు ఇష్టం లేదు.

ఈ రాజులందరి నాణెములు ఒకే ఊరిలో దొరికినవి కాబట్టే ఇంత ఆలోచన సాధ్యమైనది. అదే నాణెము ఊరు పేరు లేకుండ అంగడికి చేరితే, రాజు పేరు మిగులుతుంది గాని ఆయన రాజ్యం ఎక్కడో చెప్పే దారి మూసుకొనిపోతుంది. ఈ మధ్య ఒక తండ్రి గారు, "మాస్టారూ, ఇంటర్నెట్టులో శాతవాహన నాణెము అమ్ముతున్నారు, అబ్బాయి పుట్టినరోజుకు కొననా?" అని అడిగారు. వద్దన్నాము. నూరేండ్లు దాటిన నాణెములను ప్రైవేటు వ్యక్తులు భారతదేశం దాటించరాదని 1972 నాటి పురావస్తు చట్టం చెప్తున్నది. పైగా నకిలీలు కొల్లలు. ఆ డబ్బుతో అబ్బాయిని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి తీసుకొని వెళ్ళి, అక్కడి నాణెములను చూపించండి అన్నాము.

మన సంగతి గోభదునికి తలక్రిందులుగా ఉన్నది. ఆయనకు పేరు మిగిలింది, మనుషులు మిగలలేదు. మలయా తోటలకు వచ్చిన తాతల సంతతి మనము ఇందరం ఉన్నాము, పేర్లే సగం పోయినవి. మా తాతగారి ఇంటిపేరును తోట గుమాస్తా ఎవరో వ్రాసుకోలేదు. ఊరి పేరు వ్రాసినది కూడ ఎవరూ పలుకలేని విధంగా ఉన్నది. మేమున్న ఈ బూన్ లేకు ఆ పేరు చ్యూ బూన్ లే అనే తోటల యజమాని నుండి వచ్చింది. ఆయన తోటలలో చెమటోడ్చిన కూలీల పేర్లు ఏ వీధికీ లేవు.

కనుక పాత నాణెములు సేకరించాలనే కోరిక ఉన్నవారు మొదట మన ఇళ్ళలోని రేకు పెట్టెలు తెరవండి. ఎడ్వర్డు రాజు బొమ్మ గల స్ట్రెయిట్స్ వెండి డాలర్లు, జార్జి రాజు రూపాయలు మన అవ్వల దగ్గర ఉండేవి. దొరికితే చింతపండుతో తోమకండి. తోమితే అక్షరాలు అరిగిపోతాయి, నాణెము వయసు చెప్పే పై పొర ఊడిపోతుంది. ఒక కాగితపు సంచిలో పెట్టి, పైన పెన్సిలుతో ఎవరిది, ఏ తోటలో సంపాదించినది, ఎవరు ఎవరికి ఇచ్చినది వ్రాయండి. ఇంటిపేరు తెలిసిన ముసలివారు ఇంట ఉంటే, అది కూడ ఈ దీపావళి లోపల అడిగి వ్రాసుకోండి.