ఏరియేటర్లు ఆగిన రాత్రి

భీమవరం దిగువన వనామీ చెరువు గట్టు. రాత్రి రెండు దాటింది. కరెంటు పోయి చాలాసేపైంది. మకాం వెనక జనరేటరు మీదికి వంగి గుమాస్తా చెమటోడుస్తున్నాడు. "అందుకోవట్లేదండీ, ఎయిర్ పట్టేసినట్టుంది." ఏరియేటర్ల హోరు లేని చెరువు మీద దోమల రొద కూడా వినబడుతోంది.

టార్చి గట్టు వారకి వేయండి. నీటి అంచు పొడవునా ఎర్రటి చుక్కలు. అవి కళ్లు. మామూలు రాత్రయితే వెలుగు తగలగానే చిటుక్కున ఎగిరి లోపలికి పోయే రొయ్య ఇప్పుడు కదలడం లేదు. మీసాలు నీళ్ల పైకి తేలాయి. చెయ్యి పెడితే అరచేతిలోకి వచ్చేస్తుంది. మీటరు ముంచితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 2.1.

4 పైన ఉండాల్సింది. వెచ్చటి ఉప్పునీరు అసలే లీటరుకి దాదాపు 7 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలుపుకోలేదు. పగలంతా దాన్ని తయారుచేసిన ప్లాంక్టనే రాత్రి తిరిగి పీల్చేసుకుంటుంది. రొయ్యలు, అడుగు మట్టిలోని బాక్టీరియా కూడా అందులోంచే వాడుకోవాలి. పొద్దు పొడిచేదాకా రాబడి లేని ఇల్లు ఇది, ఖర్చు మాత్రం ఆగదు. పైగా రాత్రంతా ఊపిరి వదలడంతో నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ కూడా జారుతోంది.

ఆక్సిజన్ టాబ్లెట్ల డబ్బా విప్పండి. సోడియం పర్‌కార్బనేట్ బిళ్లలు అడుక్కి చేరి, కరుగుతూ ఆక్సిజన్ వదులుతాయి. చెరువంతా చల్లితే ఎక్కడికీ చాలవు, రొయ్య గుంపుకట్టిన వారనే వేయాలి. దీంతో చెరువు కోలుకోదు, జనరేటరు లేచేదాకా ప్రాణం నిలబడుతుంది, అంతే.

గుమాస్తా ఫిల్టరు మీది బోల్టు కొద్దిగా వదులు చేసి బొటనవేలితో పంపు కొడుతున్నాడు. బుడగలు, నురుగు, మళ్లీ బుడగలు. డీజిలు వేళ్ల మీదుగా మోచేతి దాకా కారుతోంది. నురుగు తగ్గి సన్నటి ధార తెగకుండా వచ్చేసరికి బోల్టు బిగించాడు. ఈసారి ఇంజను అందుకుంది.

అసలు పరీక్ష ఇక్కడినుంచే. అన్ని ఏరియేటర్లూ ఒకేసారి వేసేయాలని చెయ్యి లాగుతుంది, వేయకండి. ఇంతసేపు నిలిచిన నీటి కింద, చెరువు నడిమధ్య, నల్ల మట్టి కుళ్లిన కోడిగుడ్డు కంపుతో ఉంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. లేచిందంటే బతికినవీ పోతాయి. వారనున్న ఏరియేటరు ఒకటి వేసి, కాసేపాగి రెండోది.

రెండో తొందర సున్నం బస్తా. తెల్లారుతూ పీహెచ్ 7.3 చూపిస్తే ఎవరికైనా దానిమీదికే చూపు పోతుంది. కానీ సున్నం పీహెచ్‌ని ఒక్కసారిగా పెంచేస్తుంది, నీళ్లలో చూస్తే అమోనియా ఉంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8 అయితే అందులో విషంగా మారేది పదోవంతు కూడా ఉండదు, 9కి చేరితే సగానికి దగ్గరవుతుంది. సల్ఫైడ్ సంగతి సరిగ్గా దీనికి తలకిందులు, పీహెచ్ పడేకొద్దీ దాని విషం ముదురుతుంది. ఈ రెండు విషాల నడుమ దారి ఇరుకు. అందుకే నా ఓటు వంట సోడాకి. ఆల్కలినిటీని పెంచుతుంది, పీహెచ్‌ని మాత్రం 8.3 దాటించడం దాని వల్ల కాదు. అదీ కొద్దికొద్దిగా, రోజుకింత. పీహెచ్ పడిపోయిన నీళ్లలో రాత్రంతా నలిగిన రొయ్య ఒంటికి, ఒక్కపూటలో మారిపోయే నీళ్లు మరో దెబ్బ.

తెల్లారింది. చెక్ ట్రేలు పైకి లాగండి. చచ్చిన రొయ్య ముందు అడుక్కే పోతుంది, నీటిపైన ఏమీ కనబడలేదని నమ్మకూడదు. ఈ పూట మేత పూర్తిగా బంద్. తినకుండా మిగిలిన మేతే రేపటి అమోనియా. రెండురోజుల్లో కొన్ని పెంకు వదిలి మెత్తబడతాయి, వాటికి కాల్షియం, మెగ్నీషియం అందాలి.

ఈలోగా కొనుగోలుదారు ఫోను: "పట్టేస్తారా అండీ?" కౌంటు ఇంకా 70, అంటే కిలోకి 70 రొయ్యలు; ఇప్పుడు పడితే పెట్టుబడి కూడా రాదు. అయినా రాబోయే రెండు తెల్లవారుజాముల డీవో చూశాకే జవాబివ్వండి. రెండుసార్లూ 4 దాటితే సగం మేతతో కల్చర్ సాగించొచ్చు. ఏరియేటర్లన్నీ తిరుగుతున్నా 3 దగ్గరే ఆగిపోతే, రొయ్య బతికుండగానే వల దించండి.