వీధి కొలువుకు కంపెనీ జీతం: పుట్టుపూర్వోత్తరాలు

అండమాన్ నికోబార్ దీవుల రాజధానికి 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనీ, ఆ తరువాత శ్రీ విజయపురం అనీ పేరు. ఆ నగరంలోని అబర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర వాహనాలను అదుపు చేసే ట్రాఫిక్ పోలీసుకు జీతమిచ్చేది ప్రభుత్వమే. బజారుకు చేరువలోని బస్టాండు నుంచి బయలుదేరే స్టేట్ ట్రాన్స్‌పోర్ట్ సర్వీసు బస్సులు కూడా కార్పొరేషన్‌వి కావు, అండమాన్ పాలనా యంత్రాంగంలోని రవాణా డైరెక్టరేట్ నేరుగా నడిపేవి. హైదరాబాద్ పశ్చిమ భాగంలోని ఐటీ కారిడార్‌కు వస్తే పరిస్థితి వేరు. అక్కడ రద్దీ వేళల్లో కూడలిలో నిలబడి పోలీసులకు సాయపడే ట్రాఫిక్ మార్షల్‌కు జీతం కంపెనీలు సమకూర్చిన నిధుల నుంచి అందుతుంది. పని ఒక్కటే అయినా దాని వెనుక ఉన్న ఖజానాలు రెండు. ఈ రెండో ఖజానా ఎక్కడ పుట్టింది, ఏ షరతుల మీద ఇంత దూరం వచ్చిందన్నది తెలుసుకోదగిన చరిత్ర.

ముందుగా రెండు ఏర్పాట్లను వేరు చేసి చూడాలి. ప్రభుత్వ రవాణా సంస్థ ఒక ప్రైవేటు యజమానికి కిలోమీటరుకు ఇంత అని చెల్లించి బస్సును, దానితోపాటు డ్రైవరును తెచ్చుకోవడం మొదటిది. ఆర్టీసీ అద్దె బస్సులు ఈ కోవలోనివి. ఇక్కడ ప్రజాధనం కంపెనీ వైపు ప్రవహిస్తుంది. ప్రజాసేవలో ఉన్న మనిషి జీతాన్నే కంపెనీ భరించడం రెండోది. ఇక్కడ ప్రవాహం తలకిందులవుతుంది కనుక, జీతమిచ్చేవాడే ఆజ్ఞ కూడా ఇస్తాడా అన్న ప్రశ్న దీనితోనే పుడుతుంది.

ఈ ప్రశ్నకు స్పష్టమైన తొలి రూపం లండన్ రేవులో కనిపిస్తుంది. వెస్టిండీస్ నుంచి థేమ్స్ నదికి వచ్చే ఓడల సరుకు విపరీతంగా దొంగతనాలకు గురవుతుండగా, ప్యాట్రిక్ కోల్కుహౌన్, జాన్ హ్యారియట్ అనే ఇద్దరి ప్రణాళిక మేరకు 1798లో వాపింగ్ వద్ద నదీ పోలీసు కార్యాలయం వెలిసింది. దాని ఖర్చులో అధిక భాగాన్ని భరించింది సరుకు యజమానులైన వెస్టిండీస్ వర్తకులు, తోటల యజమానులు. ప్రయోగం ఫలించడంతో రెండేళ్లకే, అంటే 1800లో, బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఆ దళాన్ని ప్రభుత్వ ఖర్చు మీదికి తెచ్చుకుంది. వర్తకుల సొమ్ముతో మొదలైన కొలువు ప్రజల కొలువుగా మారిన ఈ క్రమం తరువాతి చరిత్రకు ఒక కొలబద్ద వంటిది.

రైళ్లు వచ్చాక ఇదే ఏర్పాటు నేల మీదికి పాకింది. రైలు మార్గాలు వేసే, కాలువలు తవ్వే చోట శాంతిభద్రతల కోసం నియమించే ప్రత్యేక కానిస్టేబుళ్ల ఖర్చును ఆ పని చేయిస్తున్న కంపెనీలే భరించాలని బ్రిటన్‌లో 1838 నాటి చట్టం నిర్దేశించింది. తొలినాళ్లలో రైళ్లకు చేతి సైగలతో దారి చూపినవారు కూడా రైల్వే కంపెనీల సొంత పోలీసులే. 1868లో లండన్ పార్లమెంటు భవనం ఎదుట ప్రపంచంలో తొలి ట్రాఫిక్ సిగ్నల్‌ను నిలబెట్టిన జె.పి. నైట్ రైల్వే ఇంజనీరు కావడం, రైల్వే సిగ్నళ్ల పద్ధతినే ఆయన వీధికి తేవడం, దాన్ని నడిపే బాధ్యత ఒక పోలీసు కానిస్టేబుల్‌కు అప్పగించడం చూస్తే, నగర ట్రాఫిక్ నిర్వహణ అనే విద్యకు కంపెనీల రైలు పట్టాలు ఎంత దగ్గరివో అర్థమవుతుంది.

భారతదేశంలో ఈ ఏర్పాటుకు చట్టబద్ధమైన పునాది 1861 నాటి పోలీసు చట్టం. అవసరం చూపించి ఎవరైనా దరఖాస్తు చేసుకుంటే అదనపు పోలీసులను కేటాయించవచ్చునని, వారి ఖర్చు దరఖాస్తుదారే భరించాలని ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. రైలు మార్గాలు, కాలువలు, కర్మాగారాల వంటి చోట్ల పనివారి ప్రవర్తన వల్ల అదనపు దళం అవసరమైతే, ఆ ఖర్చును సదరు సంస్థ నిధుల నుంచే రాబట్టే అధికారాన్ని 14వ సెక్షన్ ఇచ్చింది. 13వ సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్న రెండు నిబంధనలను జాగ్రత్తగా గమనించాలి. డబ్బు ఎవరిదైనా ఆ దళం పూర్తిగా జిల్లా పోలీసు సూపరింటెండెంట్ ఆజ్ఞల కిందనే పనిచేయాలన్నది ఒకటి. నెల రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ పోలీసులను వెనక్కి పంపించమనే హక్కు డబ్బు కట్టేవాడికి ఉండడం రెండోది. ఆజ్ఞ ప్రభుత్వానిదే కానీ, కొలువు ఉండాలా పోవాలా అన్నది మాత్రం చెల్లించేవాడి చేతిలో ఉంది. ఈ పద్ధతికి ఉన్న బలమూ బలహీనతా నూట అరవై ఏళ్ల కిందటే ఒకే సెక్షన్‌లో నమోదయ్యాయి.

తెలుగు నేల మీద రవాణా కొలువుల చరిత్ర చాలాకాలం దీనికి ఎదురు దిశలో నడిచింది. లండన్‌లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతిలోని రైళ్లను హైదరాబాద్ రాజ్యం 1930లో స్వాధీనం చేసుకుంది. ఆ రైల్వే విభాగంగానే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా విలీనం చేసుకుంది. కంపెనీ నుంచి కార్పొరేషన్‌కు, కార్పొరేషన్ నుంచి ప్రభుత్వ శాఖకు సాగిన ఈ తొంభై ఏళ్ల ప్రయాణంలో జీతానికి జవాబుదారీ ప్రజల వైపే జరుగుతూ వచ్చింది.

కంపెనీల సొమ్ము మళ్లీ వీధిలోకి రావడానికి దారి వేసింది 2013 నాటి కంపెనీల చట్టం. 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూన్ 18న కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణలో రోడ్డు భద్రతపై ప్రజల్లో అవగాహన పెంచడాన్ని, డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడాన్ని ఈ ఖర్చు కింద అంగీకరించి, చట్టాన్ని అమలు చేసే సిబ్బంది శిక్షణ దగ్గరికి వచ్చేసరికి అది ప్రభుత్వ నిర్వహణ విధి అని వేరుగా పేర్కొన్నారు. దాతృత్వం ఎక్కడ ఆగాలో, రాజ్యధర్మం ఎక్కడ మొదలవుతుందో చూపే గీత అది.

హైదరాబాద్‌లో ఈ గీతకు అతి సమీపంగా పనిచేస్తున్న సంస్థ సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్. సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఈ లాభాపేక్ష లేని సంఘం ఐటీ కారిడార్‌లో ట్రాఫిక్ మార్షళ్లను నిలుపుతోంది, మహిళా ఉద్యోగుల కోసం షీ షటిల్ బస్సులను నడుపుతోంది. మార్షల్ వాహనాలకు దారి చూపగలడు, పాదచారులను దాటించగలడు. చలానా రాసే అధికారం పోలీసుదే. దీనికి భిన్నంగా 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడు వారి జీతాల భారాన్ని తెలంగాణ ప్రభుత్వమే వహించింది.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. 2012లో సియాటిల్ నగరంలో కొత్త కార్యాలయ భవనాల అనుమతుల సందర్భంగా అమెజాన్ ఒక స్ట్రీట్‌కార్‌ను కొనివ్వడానికి, దాని నిర్వహణకు సాయపడడానికి ఒప్పుకుంది. 2015లో మొదలైన దశలో బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థ ముంబయితో సహా పది నగరాల్లో రోడ్డు భద్రత పనికి తోడ్పడింది. నగర పాలనలో కూర్చుని పనిచేసే సిబ్బందిని సమకూర్చడం ఆ తోడ్పాటులో ఒక భాగం.

అబర్డీన్ బజార్ ఈ చరిత్రకు అసలైన పరీక్ష. అక్కడ ఉన్నది చిన్న దుకాణాల వ్యాపారమే తప్ప హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని గచ్చిబౌలి వంటి కార్యాలయ సముదాయాలు కావు. కూడలిలో మనిషిని నిలబెట్టడం కంపెనీల శక్తిని బట్టే జరిగితే, సంపన్న కూడలికి నలుగురు కాపలా ఉంటారు, బజారు కూడలికి ఒక్కరూ ఉండరు. ఇది దాతల తప్పు కాదు. దాతృత్వం తన చుట్టూ ఉన్నదాన్నే చూడగలదు, ఊరంతటినీ చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

అందువల్ల కంపెనీలు ఇచ్చే సొమ్మును నిరాకరించనవసరం లేదు కానీ దాన్ని మూడు షరతుల మీద తీసుకోవాలి. ఆ నిధి ఏదో ఒక కూడలికి కాక నగరానికంతటికీ చెందాలి. నియామకం, ఆజ్ఞ, అజమాయిషీ ప్రభుత్వ అధికారి చేతిలోనే ఉండాలి. ఇన్నేళ్లలో ఆ కొలువును ప్రభుత్వ పద్దులోకి తెచ్చుకుంటామన్న గడువు ఒప్పందంలోనే రాసి ఉండాలి. థేమ్స్ నదీ పోలీసుల విషయంలో ఆ మార్పుకు రెండేళ్లు పట్టింది. మన నగరాలు తమ గడువును ఇప్పుడే నిర్ణయించుకోవాలి.