జాబితాలోని మాటలు ఎవరివి? – ఇంగ్లీషు పరీక్ష, పదసంపద, మనం

ఇంగ్లీషు పేపరు దగ్గర చదువు ఆగిపోయిన వాళ్లు మన వాడల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ఆ గండం గట్టెక్కి, డిగ్రీ చేసి, యూనివర్సిటీ దాకా వచ్చిన కొద్దిమందికీ ముందు ఇంకో గండం ఉంటుంది. పై చదువుకు విదేశం పోవాలంటే ఐఈఎల్టీఎస్, టోఫెల్, జీఆర్ఈ లాంటి పరీక్షలు రాయాలి. మేము హాస్టల్ గదిలో నలుగురం కూచుని, ఎవరి దగ్గరో తెచ్చిన జిరాక్స్ ప్రతి ముందేసుకుని, రోజుకు యాభై మాటల చొప్పున బట్టీ పట్టిన రోజులున్నాయి. పొద్దున నేర్చింది రాత్రికి గుర్తుండేది కాదు. మాలో ఒకడు అన్నాడు: "మా తాత షావుకారు పద్దు మోసిండు, నేను ఈ పద్దు మోస్తున్న. రెంటిలో రాసింది నాకు తెలవదు." నవ్వుకున్నాం గానీ, ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఈ పద్దు ఎవరు రాశారు? ఎప్పుడు, ఎవరి కోసం రాశారు? ఈ ప్రశ్నల వెంట పోతే మాకు కనిపించిన చరిత్రే ఈ వ్యాసం.

1835లో మెకాలే తన మినిట్ రాసినప్పుడు ఇంగ్లీషు చదువు అందరికీ అనలేదు. పాలకులకీ ప్రజలకీ మధ్య దుబాసీలుగా ఉండే ఒక చిన్న వర్గాన్ని తయారు చేస్తే చాలు, వాళ్ల నుంచి జ్ఞానం కిందికి ఇంకుతుందన్నాడు. ఆ పైనున్న వర్గం ఎవరో మనకు తెలుసు. అంతకుముందు సంస్కృతాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లే 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా యూనివర్సిటీలు పెట్టాక ఇంగ్లీషునూ ముందుగా అందుకున్నారు. జ్ఞానం కిందికి ఇంకలేదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఈ సంగతే నిలదీశాడు. శిస్తు కట్టేది రైతులు, కష్టజీవులు, ఆ డబ్బుతో పై చదువులు చదివేది పై కులాలు అన్నాడు. ప్రాథమిక విద్య మీద ఖర్చు పెట్టమని అడిగాడు. అలాగని ఫూలే దంపతులు ఇంగ్లీషును వద్దనలేదు. 1854లో అచ్చయిన సావిత్రీబాయి కవితల పుస్తకం 'కావ్యఫూలే'లో ఇంగ్లీషు నేర్చుకోమని చెప్పే కవితలున్నాయి. ఇక్కడొక విషయం గమనించాలి. వాళ్లకు పేచీ భాషతో కాదు, భాషకు కాపలా కాసేవాళ్లతో.

ఆ కాపలా పరీక్ష రూపం తీసుకున్న చరిత్రలో 1913 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు కేంబ్రిడ్జి యూనివర్సిటీ, ఇంగ్లీషు పరాయి భాష అయినవాళ్ల కోసం ప్రొఫిషియన్సీ పరీక్షను మొదటిసారి పెట్టింది. పరీక్ష మొత్తం పన్నెండు గంటలు. అందులో అనువాదం, వ్యాకరణం, ఉచ్చారణ, సాహిత్యం అన్నీ ఉన్నాయి. రాసింది ముగ్గురు. ముగ్గురూ తప్పారు. అదే ఏడు జూలైలో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అంబేద్కర్ న్యూయార్క్‌లో దిగి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. బడిలో సంస్కృతం నేర్చుకోనివ్వక పారశీకం తీసుకోవాల్సొచ్చిన విద్యార్థి ఆయన. ఇంట్లో ఇంగ్లీషు చెప్పింది సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేసిన తండ్రి రామ్‌జీ. మూడేళ్లు తిరక్కుండానే 1916 మేలో భారతదేశంలో కులాల గురించి ఆయన చదివిన పరిశోధనా పత్రం పేరులోనే 'మెకానిజం', 'జెనెసిస్' అనే మాటలున్నాయి. మేము జిరాక్స్ కాయితాల్లో బట్టీ పట్టిన తరహా మాటలే ఇవి. తేడా ఒక్కటే. మేము మాటల్ని పరీక్ష కోసం మోశాం. ఆయన కులం ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది అని అడగడానికి వాటిని పనిముట్లు చేసుకున్నారు.

ఇక పదాల జాబితా కథకొద్దాం. ఈ జాబితాల పుట్టుకకు లండన్‌తోనే కాదు, మన ఉపఖండంలోని ఢాకాతోనూ సంబంధముంది. అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల చదువును పరిశీలించి 1926లో ఒక పుస్తకం వేశాడు. చాలామంది పిల్లలు కోర్సు పూర్తి కాకుండానే బడి మానేస్తున్నారు, మధ్యలో మానేసినా వాడికి ఎంతో కొంత మిగలాలి కదా అన్నది ఆయన ప్రశ్న. బీమా పాలసీని మధ్యలో వదులుకుంటే చేతికొచ్చే సొమ్ముతో దీన్ని పోల్చాడు. అందుకే మొదట చదవడం నేర్పాలి, ఎక్కువగా వాడే మాటలే ముందు నేర్పాలి అన్నాడు. 1934లో న్యూయార్క్‌లో జరిగిన సమావేశం, 1936లో వచ్చిన నివేదిక దాటుకుని, 1953లో సుమారు రెండు వేల మాటలతో ఆయన 'జనరల్ సర్వీస్ లిస్ట్' వెలువడింది. అంటే జాబితా అనేది మొదట బడి మానేసే పిల్లవాడిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించిన వస్తువు. మన పిల్లవాడి కోసం పుట్టిన ఆలోచన మన పిల్లవాడిని ఆపే గేటుగా ఎలా మారింది?

జవాబు బజారులో ఉంది. టోఫెల్ 1964లోనూ, ఐఈఎల్టీఎస్ 1989లోనూ మొదలయ్యాయి. జీఆర్ఈలో వ్యతిరేకార్థాలు, పోలికలు అడిగినన్నాళ్లూ వేల మాటల జాబితాలకు గిరాకీ నడిచింది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ బోర్డులు లేచాయి. అక్కడ చెప్పే పద్ధతి మాకు పాతదే అనిపించింది. అర్థం అడక్కుండా వల్లె వెయ్యడం. శ్లోకం పోయి వర్డ్‌లిస్ట్ వచ్చింది, అంతే. తమాషా ఏమిటంటే, పరీక్ష పెట్టేవాళ్లే ఆ దారి వదిలేశారు. 2011లో మార్చిన జీఆర్ఈలో ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేసి, వాక్యంలో మాట ఎలా పనిచేస్తుందో అడగడం మొదలుపెట్టారు. ఐఈఎల్టీఎస్ రాత పరీక్షలో పదసంపదకు నాలుగో వంతు బరువుంది. అయితే చూసేది ఎంత పెద్ద మాట వాడావని కాదు, సరైన చోట సరైన మాట వాడావా లేదా అని. అయినా మన హాస్టళ్లలో పాత జిరాక్స్‌లే తిరుగుతున్నాయి. కొత్త సంగతి మన దాకా రావడానికి కూడా ఎవరో ఒకరు తెలిసినవాళ్లుండాలి.

2000లో న్యూజీలాండ్ పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 'అకడమిక్ వర్డ్ లిస్ట్' ప్రచురించింది. ఇరవై ఎనిమిది విషయాలకు చెందిన ముప్పై అయిదు లక్షల మాటల పాఠాల్ని జల్లెడ పట్టి తీసిన 570 పదకుటుంబాలివి. ఏ శాస్త్ర గ్రంథం తీసుకున్నా అందులో పదో వంతు మాటలు ఇవే ఉంటాయని తేల్చింది. ఈ జాబితా చేతికొచ్చిన రోజు మేము ఒక పని చేశాం. బట్టీ పట్టకుండా, మన బతుకులో ఉన్న మాటలకు కింద గీత గీశాం. లేబర్. ఎక్స్‌క్లూడ్. డిస్క్రిమినేట్. హైరార్కీ. లెజిస్లేట్. కాన్స్టిట్యూట్. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడ్డ మా అమ్మకు 'ఎక్స్‌క్లూడ్' స్పెల్లింగ్ రాదు గానీ, దాని అర్థం ఆమెకు తెలిసినంతగా ఏ నిఘంటువుకూ తెలియదు. మెట్ల మీద మెట్టుగా కూచున్న కులాల కింద బతికినవాడికి 'హైరార్కీ' కొత్త మాట ఎలా అవుతుంది? మనకు కరువైంది అర్థం కాదు, ఆ అర్థానికి పరీక్ష ఒప్పుకునే అక్షరాలు.

ఇది తెలిశాక మా చదువు మారింది. మాటను ఒంటరిగా కాక దాని కుటుంబంతో రాసుకున్నాం. నామవాచకం, క్రియ, విశేషణం, పక్కన ఏ మాటతో కలుస్తుందో అది కూడా. ప్రతి మాటకూ మా ఊరి గురించి ఒక సొంత వాక్యం రాశాం. రాసింది మర్నాడు, వారానికి, నెలకు పుస్తకం మూసి గుర్తు చేసుకున్నాం. అన్నిటికీ మించి బాబాసాహెబ్ 'కులనిర్మూలన'ను ఇంగ్లీషులోనే, రోజుకు రెండు పేజీలు కలిసి చదివాం. 1936లో లాహోర్ వాళ్లు పిలిచి, పాఠం చూశాక సభే రద్దు చేస్తే, ఆయన సొంత ఖర్చుతో అచ్చు వేసిన ప్రసంగం అది. వాదానికి పదును పెట్టే మాట ఎక్కడ వాడాలో అంత బాగా చెప్పిన పాఠ్యపుస్తకం మాకు ఇంకోటి దొరకలేదు.

అయితే మా నలుగురి అనుభవాన్ని మందుచీటీలా రాసిస్తే మోసమవుతుంది. ఆటంకం లేకుండా ఇంగ్లీషు పుస్తకాలు చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసుండాలని పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. అన్ని మాటలు జాబితాతో రావు, ఏళ్ల తరబడి చదివితే వస్తాయి. పుస్తకాల బీరువా ఉన్న ఇంట్లో పుట్టినవాడికి సగం దారి నిద్రలేచేసరికే అయిపోయి ఉంటుంది. దాన్ని వాళ్లు ప్రతిభ అంటారు, మేము వారసత్వం అంటాం. పరీక్ష ఫీజు పదిహేను వేలు దాటింది, ఐఈఎల్టీఎస్, టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. కూలి చేసే ఇంటి నుంచి వచ్చినవాడు ఒకసారి తప్పితే రెండోసారి రాయడం ఎట్లా? ప్రభుత్వాలిచ్చే విదేశీ విద్యా పథకాలకూ ఇదే స్కోరు అడుగుతున్నారు. ముందు స్కోరు తెస్తేనే సాయం అంటే, ఈత వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టుంటుంది.

ఇంగ్లీషు వలసవాదుల భాష, మనకెందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో అడిగితే సరిపోతుంది. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి కట్టడం మొదలుపెట్టారు. ఆ ఆరాటం మాకు అర్థమవుతుంది గానీ, దేవతను చేస్తే మళ్లీ పూజారి వస్తాడని మా భయం. ఇంగ్లీషు మనకు పనిముట్టు కావాలి. గొడ్డలికి మొక్కం, నూరుకుంటాం.

కాబట్టి సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదవదగ్గ ఇంగ్లీషు పుస్తకాలతో గ్రంథాలయాలు కావాలి. పరీక్ష ఫీజు ముందే ఇవ్వాలి. స్కాలర్‌షిప్‌తో పాటు ఆరు నెలల భాషా శిక్షణ ఉండాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు, ఫూలే 1882లో అడిగిన లెక్కలో మిగిలిన బాకీ. అవి వచ్చేదాకా, యూనివర్సిటీ దాకా వచ్చిన ప్రతి ఒక్కరం సెలవులకు వాడకు పోయినప్పుడు ఒక పుస్తకం వెంట తీసుకుపోదాం. నలుగురు పిల్లల్ని కూచోబెట్టి రెండు పేజీలు చదివిద్దాం. ఆ తర్వాత జాబితా వాళ్ల చేతిలో పెడదాం. అందులో తమ మాటలు ఏవో వాళ్లే గీత గీస్తారు.