మరియా మిల్లిస్ గడియారము

ఈ శతజయంతి సంచికకు వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదకవర్గము వారు కోరినప్పుడు, కరుణగల నాయకుడు ఎలా తయారవుతాడు, అందులో చిన్ననాటి అనుభవముల పాలెంత అన్న విషయమును మాకు అప్పగించారు. మన అధ్యక్ష మండలములోని పెద్దలను గురించి వ్రాయగలవారు ఈ సంచికలోనే చాలామంది ఉన్నారు. కనుక మేము కొంచెము దూరముగా వెళ్ళి, ఇంగ్లండు చరిత్రలో ఒకరి జీవితమును తీసుకున్నాము. ఆయన బిషప్పు కాదు, గురువూ కాదు. పార్లమెంటు సభ్యుడు. ఆంథోనీ ఆష్లీ కూపర్ అని పేరు; ఏడవ షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అని బిరుదు. ఫ్యాక్టరీ చట్టముల చరిత్ర చదివినవారు ఈ పేరు వినే ఉంటారు.

కష్టపడినవానికే కష్టము తెలుస్తుందని మనము తరచుగా అంటూ ఉంటాము. ప్రసంగాలలో కూడా వింటాము. ఇది సగము మాత్రమే నిజమని మాకు తోస్తుంది. కోడలుగా కన్నీరు కార్చిన ఆమె అత్త అయిన తరువాత మెత్తబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. బడిలో బెత్తము దెబ్బలు తిని పెద్దవాడై, అదే బెత్తము పట్టుకున్న ఉపాధ్యాయులను మనము ఎరుగమా? దెబ్బ తిన్న చెయ్యి దెబ్బ కొట్టడమూ నేర్చుకోవచ్చు, నిమరడమూ నేర్చుకోవచ్చు. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడ వచ్చిందో వెదకడానికే షాఫ్ట్స్‌బరీ బాల్యము మాకు అక్కరకు వచ్చింది.

ఆయన 1801 ఏప్రిల్ 28న లండనులో జన్మించారు. తల్లి మార్ల్‌బరో డ్యూక్ కుమార్తె. తండ్రి తరువాతి కాలములో ఆరవ ఎర్ల్ అయ్యాడు. ప్రభువుల సభలో ముఖ్యమైన పదవిలో ఉన్నవాడు. ఇంతటి కలవారి ఇంట పుట్టిన బిడ్డకు ఏమి లోటు అనుకుంటాము. కాని తండ్రి కఠినుడు. తల్లికి విందులు, వినోదములే లోకము. పిల్లలు చలికి వణికిన రోజులూ, ఆకలితో ఉన్న రోజులూ ఆ భవనములో ఉండేవని ఆయన ముసలితనములో చెప్పుకున్నారు. వంటశాలలో అన్నీ ఉన్నాయి, అడిగి పెట్టేవారే లేరు. పేదవాని ఇంట ఆకలికి కారణము గింజలు లేకపోవడము. ఇక్కడ కారణము బిడ్డ ఒకడు ఉన్నాడన్న ధ్యాస లేకపోవడము.

ధ్యాస ఉన్నది ఒక్క మనిషికే. ఆమె ఆ ఇంటి పనులు చూసే మరియా మిల్లిస్. పెళ్ళికి ముందు తల్లిగారి పుట్టింటిలో పనిచేసి, ఆమెతో వచ్చిన మనిషి. ఆ పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకుని బైబిలు కథలు చెప్పింది. ఒక ప్రార్థన నేర్పింది. డెబ్బై, ఎనభై ఏళ్ళ వయస్సులోనూ ఆ ప్రార్థననే తాను చేసుకునేవాడినని ఆయన చెప్పారు. ఆమె చదువుకున్న వేదాంతి కాదు, సంఘములో పదవిగల మనిషీ కాదు.

ఏడవ ఏట అతణ్ణి చిస్విక్‌లోని మేనర్ హౌస్ అనే బోర్డింగు బడిలో వేశారు. మురికి, పెద్దపిల్లల వేధింపు, ఉపాధ్యాయుల అలక్ష్యము. ఆ బడిని తలచుకుంటే ముసలితనములో కూడా ఒళ్ళు జలదరించేదట. సెలవులకు ఇంటికి వస్తే అక్కడ ఉన్న ఆదరణ మరియా ఒక్కతే. అతడు ఇంకా చిన్నవాడై ఉండగానే ఆమె చనిపోయింది. తన బంగారు గడియారమును ఆ పిల్లవానికి చెందేటట్లు వీలునామాలో వ్రాసి పోయింది. ఎర్ల్ అయి, ఇంగ్లండులో అందరూ ఎరిగిన మనిషి అయిన తరువాత కూడా ఆయన మరొక గడియారము ధరించలేదు. ఎవరైనా అడిగితే, లోకములో తనకు దొరికిన అందరికంటె మంచి స్నేహితురాలు ఇచ్చినదని చెప్పేవారు.

తరువాత హారో పాఠశాల. అక్కడ సుమారు 14 ఏళ్ళ వయస్సులో జరిగిన సంగతి ఆయన చరిత్రకారులందరూ వ్రాస్తారు. కొండ దారిలో నడుస్తూ ఉండగా కేకలు, తాగుబోతు పాటలు వినిపించాయి. మలుపు తిరిగి నలుగురైదుగురు మనుష్యులు ఒక దిక్కులేని పేదవాని శవపేటికను మోసుకొని వస్తున్నారు. అందరూ తూలుతున్నారు. వెనుక ఏడ్చేవారు ఒక్కరూ లేరు. కాలు జారి పెట్టెను నేలమీద పడవేసి, బూతులు తిట్టుకున్నారు. పేదవాడూ దిక్కులేనివాడూ అయినంత మాత్రాన మనిషికి ఇటువంటి సాగనంపా అని ఆ బాలుడు నిలువునా కదిలిపోయాడు. ఇటువంటి వారి పక్షమున తన జీవితమును వెచ్చించాలని అప్పుడే నిశ్చయించుకున్నట్లు ఆయన చెప్పారు. ఆ చోట ఇప్పుడొక శిలాఫలకము ఉన్నది.

అయితే అటువంటి శవయాత్రలు ఆ రోజులలో ఎందరో చూశారు. హారోలో చదివే తక్కిన జమీందారుల బిడ్డలు చూసి నవ్వుకొని పోయినా ఆశ్చర్యము లేదు. ఈ పిల్లవాడు ఎందుకు నిలిచిపోయాడు? వెనుక ఎవరూ లేకపోవడము ఎంతటి బాధో అతనికి ముందే తెలుసు గనుక. అంతకుమించి, అటువంటి స్థితిలో ఉన్నవాని చెంతకు ఒక మనిషి వస్తే ఎలా ఉంటుందో కూడా తెలుసు గనుక. మొదటిది మాత్రమే తెలిసినవాడు చేదు మనిషి అయ్యేవాడేమో. రెండవది నేర్పినది మరియా మిల్లిస్.

1826లో ఆయన పార్లమెంటుకు వెళ్ళారు. మరుసటి ఏడు పిచ్చివారి స్థితిని విచారించే సంఘములో సభ్యులయ్యారు. తూర్పు లండనులోని బెత్నల్ గ్రీన్ ఆశ్రమములలో రోగులను శనివారము సాయంత్రము గొలుసులతో మంచాలకు కట్టివేసి, సోమవారము వరకు ఆ గడ్డిమీద, ఆ మురికిలో అలాగే వదిలివేసేవారని తేలింది. పనివారికి ఆదివారము సెలవు గనుక! 1828లో చట్టము వచ్చింది. అప్పుడే ఆయన పర్యవేక్షకులలో ఒకరుగా చేరారు. 1834 నుండి ఆ మండలికి అధ్యక్షులై 1885లో చనిపోయేవరకు ఆ పని విడువలేదు. ఓట్లు తెచ్చే పని కాదు, పేరు తెచ్చే పనీ కాదు. మా మట్టుకు మేము ఆయన జీవితములో దీనినే గొప్పగా ఎంచుతాము.

మిల్లుల సంగతి అందరికీ తెలిసినదే. ఆ ఉద్యమమును నడిపిన మైకేల్ సాడ్లర్ 1832 ఎన్నికలలో ఓడిపోగా, జార్జి బుల్ అనే గురువు వచ్చి ఈయనను అడిగారు. 1833 చట్టముతో బట్టల మిల్లులలో 9 ఏళ్ళలోపు పిల్లల పని నిషిద్ధమయింది. 9 మొదలు 13 ఏళ్ళ లోపువారికి వారానికి 48 గంటలు హద్దు. చట్టము అమలు చూడడానికి మొదటిసారిగా నలుగురు తనిఖీ అధికారులను నియమించారు. దేశమంతటికీ నలుగురే!

గనులను గురించి కొంత చెప్పాలి. 1842 మే నెలలో వెలువడిన విచారణ నివేదికలో మాటలతో పాటు బొమ్మలు కూడా వేశారు. బొగ్గు గనులలో గాలి తలుపు అంటే ఏమిటో కొత్తగూడెము, ఇల్లెందు వైపు వారికి మేము చెప్పనక్కరలేదు. బొగ్గుబండి వచ్చినప్పుడు ఆ తలుపు తీసి, వెళ్ళగానే మూయడానికి అయిదారేళ్ళ పిల్లలను చీకటిలో రోజుకు పన్నెండు గంటలు ఒంటరిగా కూర్చోబెట్టేవారు. స్త్రీలు నడుముకు పట్టీ, కాళ్ళ మధ్య గొలుసు వేసుకొని నాలుగు కాళ్ళమీద బండ్లు లాగేవారు. జూన్ 7న ఆయన సుమారు రెండు గంటలు మాట్లాడారు. సభ్యులు కంటతడి పెట్టుకున్నారని చెబుతారు. ఆ ఏడే స్త్రీలను, బాలికలను, 10 ఏళ్ళలోపు మగపిల్లలను గని లోపలి పనినుండి తప్పించారు. మగపిల్లలకు ఆయన అడిగినది 13 ఏళ్ళు. ప్రభువుల సభలో గనుల యజమానులు దానిని కోసివేశారు.

చీకటిలో ఒంటరిగా కూర్చున్న ఆ పిల్లవాణ్ణి గురించి చదివేటప్పుడు మాకు చిస్విక్ బడి గుర్తుకు వస్తుంది. ఆయనకు రాకుండా ఉంటుందా?

పది గంటల పనిదినము 1847లో చట్టమయింది. అప్పుడు ఆయన సభలో లేరు. ధాన్యపు చట్టముల విషయములో తన అభిప్రాయము మారినందున 1846లో తానుగా రాజీనామా చేశారు. ఆ బిల్లును నెగ్గించినది జాన్ ఫీల్డెన్. ఈయనదీ ఒక బాల్యమే. టాడ్‌మోర్డెన్‌లో మిల్లు యజమాని కొడుకై ఉండి కూడా పదేళ్ళ ప్రాయములో తండ్రి మిల్లులో పనికి దిగాడు. ఆ అలసటను మరచిపోలేదు. తానే పెద్ద మిల్లుదారుడై, మిల్లుదారులకు ఎదురు నిలిచాడు. చాలా పుస్తకాలు ఫీల్డెన్‌కు ఇవ్వవలసిన కీర్తిని కూడా షాఫ్ట్స్‌బరీకే ఇచ్చివేస్తాయి. అది న్యాయము కాదు.

లోపములను దాచడము మాకు ఇష్టము లేదు. 1844లో జాన్ బ్రైట్ సభలోనే ఆయనను ఎత్తిపొడిచాడు: మిల్లులమీద ఇంత కన్నీరు కార్చేవారు, సొంత జిల్లా డార్సెట్‌లోని వ్యవసాయ కూలీల గతిని చూశారా అని. బ్రైట్ మిల్లుదారుడే, కాని మాట నిజము. తండ్రిగారి ఎస్టేటులో కూలీల ఇండ్లు ఘోరముగా ఉండేవి. అంతకు ముందటి ఏడే కుమారుడు ఒక సభలో కూలీల పక్షముగా మాట్లాడితే తండ్రి కోపించి ఇంటి గడప తొక్కవద్దన్నాడు. 1851లో తండ్రి చనిపోయి ఎస్టేటు చేతికి వచ్చినప్పుడు అప్పులు కూడా దానితో వచ్చాయి. మళ్ళీ అప్పు చేసి ఇండ్లు కట్టడము మొదలుపెట్టారు. ఇక పేదలకు ఓటు ఇవ్వడమంటే ఆయనకు భయము. కార్మిక సంఘములను నమ్మేవారు కారు. కతోలికుల విషయములో ఆయన మాటలు నేడు చదివితే మనకు సిగ్గు వేస్తుంది. పేదవానిని ప్రేమించారు గాని, అతడు తన కాళ్ళమీద నిలబడి హక్కు అడుగుతాడన్న ఊహ ఆయనకు రుచించలేదు. మరియా మిల్లిస్ చేరదీసిన బిడ్డకు చేరదీయడమే తెలుసునేమో.

పొగగొట్టాలలోకి చిన్నపిల్లలను ఎక్కించి మసి దులిపించే దురాచారము 1840 చట్టముతోను, 1864 చట్టముతోను ఆగలేదు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర జార్జి బ్రూస్టర్ అనే పిల్లవాడు చనిపోయిన తరువాత వచ్చిన చట్టముతోనే ఆగింది. చింపిరిబట్టల పిల్లల కొరకు నడిచే ఉచిత పాఠశాలల సమాజము 1844లో ఏర్పడగా, దానికి చివరివరకు ఆయనే అధ్యక్షులు. 1848లో ఒక రాత్రి లండనులో సుమారు 400 మంది దొంగలు ఆయనను పిలిపించుకొని, ఈ బ్రతుకు మానడానికి దారి చెప్పమన్నారు. వెళ్ళి కూర్చుండి విన్నారు. ఆ గడియారము ఒకసారి దొంగిలించబడితే, ఎవరిదో తెలిసి దొంగలే దానిని ఇంటికి చేర్చారని ఒక కథ ఉన్నది. ఇది వినికిడి, చరిత్ర అని మేము పట్టుబట్టము. కాని తోపుడుబండ్ల వర్తకులు ఆయనకు ఒక గాడిదను బహుమతిగా ఇచ్చిన మాట వాస్తవము.

మన దేశముతో కూడా ఆయనకు సంబంధము ఉన్నది. బొంబాయి బట్టల మిల్లులలో పిల్లలచేత, స్త్రీలచేత చేయించే పనిని గురించి 1875లోను, 1879లోను ప్రభువుల సభలో ప్రశ్న లేవనెత్తినది ఆయనే. లాంకషైరు మిల్లుదారులు కూడా అదే కోరారు. వారి ఉద్దేశము పోటీ తగ్గించడమని బొంబాయి యజమానులు అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన ఉద్దేశము మాత్రము వేరు. 1881లో మొదటి భారత ఫ్యాక్టరీ చట్టము వచ్చింది: 7 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదు, 12 లోపువారికి 9 గంటలు. చాలా తక్కువే. 1891లో ఆ 7ను 9 చేశారు. ఆ బొంబాయికే తరువాతి కాలములో మన తెలంగాణము నుండి ఎన్ని సాలె కుటుంబాలు వెళ్ళాయో మన పాఠకులలో కొందరికి సొంత ఇంటి సంగతిగా తెలిసి ఉంటుంది.

1885 అక్టోబరు 1న ఫోక్‌స్టన్‌లో ఆయన చనిపోయారు. 8న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆరాధన జరిగింది. దారి పొడవునా పేదజనము నిలబడ్డారు. సమాధి మాత్రము ఆయన కోరినట్లు స్వగ్రామమైన వింబోర్న్ సెయింట్ జైల్స్‌లో చేశారు. పికడిలీ కూడలిలో రెక్కల బాలుని విగ్రహము ఆయన స్మారకముగా 1893లో వెలసింది. మరియా మిల్లిస్‌కు విగ్రహము లేదు. ఆమె పేరైనా మనకు తెలిసినది ఆ పిల్లవాడు మరువనందువలన.

ఈ వ్యాసము వ్రాస్తూ ఉండగా మేము చదువుకున్న హాస్టలు గుర్తుకు వచ్చింది. అక్కడ వంటచేసే ముసలామె ఉండేది. జ్వరము వచ్చిన పిల్లవానికి రాత్రిపూట గంజి కాచి, నోటి దగ్గర పట్టి త్రాగించేది. సెలవులకు తీసుకుపోవడానికి ఎవరూ రాని పిల్లలను తన గదిలో పడుకోబెట్టుకునేది. వారిలో ఒకరు తరువాత గురువై, నలభై ఏళ్ళు పల్లెసంఘాలలో తిరిగారు. వారిని కడపటిసారి చూచినప్పుడు కూడా ఆమె మాటే ఎత్తారు. ఈ సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు వేద్దామని పేరు కొరకు పాత మిత్రులను అడిగాము. ఎవరికీ తెలియలేదు. అందరమూ ఆమెను "అవ్వా" అనే పిలిచేవారము. జీతాల పుస్తకము తిరగవేస్తే "వంటమనిషి, ఒకరు" అని మాత్రమే ఉన్నది. ఆమె పేరు ఎరిగినవారు ఎవరైనా ఉన్నచో, దయచేసి సంచిక కార్యదర్శిగారికి ఒక కార్డు ముక్క వ్రాయగలరు.