ఒక్కసారే చదువుతాను

పిల్లలకు పుస్తకం చదివి వినిపించడం ఎవరో కనిపెట్టిన విద్య కాదు. అరుగు మీద భాగవతం చదివి అర్థం చెప్పే పెద్దలున్న ఊళ్లో పుట్టినదాన్ని, ఆ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ వినిపించడం మీదే రాత, వర్ణక్రమం, వ్యాకరణం, వ్యాసం అన్నీ నిలబెట్టి, ఇంట్లోనే భాష నేర్పే పద్ధతిగా మలిచినావిడ ఒకరున్నారు. పేరు షార్లెట్ మేసన్. అమెరికాలో ఉండే మా అమ్మాయి తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతోంది. వాళ్ల బల్ల మీద మేసన్ పుస్తకాలే ఉంటాయి. అనంతపురం జిల్లా బళ్లలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినదాన్ని కనుక వాటిని పంతులమ్మ కళ్లతోనే చదివాను.

మేసన్ 1842లో వేల్స్‌లో పుట్టింది. ఇంగ్లండు దక్షిణ తీరాన వర్తింగ్ అనే ఊళ్లో చిన్నపిల్లల బడిలో ఉద్యోగం చేసింది. అది ఎలాంటి కాలమో తెలిస్తే గానీ ఆవిడ పట్టుదల అర్థం కాదు. 1862లో అక్కడి ప్రభుత్వం బళ్లకిచ్చే డబ్బును పరీక్ష ఫలితాలకు ముడిపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్కరినీ చదివించి, రాయించి, లెక్కలు చేయించేవాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. ఇంకేముంది, ఏడాది పొడుగునా ఒకే వాచకం. ఇన్‌స్పెక్టరు గడప తొక్కేసరికి పుస్తకమంతా పిల్లల నోటికి వచ్చేసేది. తలకిందులుగా పట్టుకున్నా గడగడా అప్పజెప్పేవారు.

ఈ ఫలితాల గ్రాంటు మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అయినా చిలకపలుకులు మనకు దొరలు నేర్పినవేం కావు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ వీధిబళ్ల మీద ఒక నివేదిక పంపాడు. మా అనంతపురం అప్పట్లో ఆ జిల్లాలోదే. పిల్లలు పద్యాలు లెక్కలేనన్ని అప్పజెబుతారు గానీ, వాటి అర్థం చిలక్కి ఎంత తెలుసో వాళ్లకీ అంతే తెలుసని అందులో వాపోయాడు.

మేసన్ ఈ వ్యవహారాన్ని బళ్లో ఉండి చూసింది. తర్వాత కొన్నేళ్లు చిచెస్టర్‌లో ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాలలో పనిచేసింది. 1885-86 చలికాలంలో బ్రాడ్‌ఫోర్డ్‌లో ఆడవాళ్ల కోసం ఇచ్చిన ఉపన్యాసాలే 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ పుస్తకమయ్యాయి. మరుసటేడు తల్లిదండ్రుల సంఘం ఒకటి మొదలైంది. ఆ రోజుల్లో కలిగిన ఇళ్లలో ఆడపిల్లలకు చదువు చెప్పేది తల్లో, జీతానికి పెట్టుకున్న పంతులమ్మో. వాళ్లకు శిక్షణ ఇవ్వడానికి ఆవిడ ఇంగ్లండు ఉత్తరాన సరస్సుల మధ్యనున్న యాంబుల్‌సైడ్‌కు మకాం మార్చి, 1892లో ఒక విద్యాలయం తెరిచింది. అంతకు ముందే, 1891లోనే, టపా ద్వారా నడిచే బడి పెట్టింది. ఏ వయసుకు ఏ పుస్తకం, ఈ విడతలో ఎన్ని పేజీలు అన్నది ఇంటికే వచ్చేది.

ఇక పద్ధతి. వాచకాలను ఆవిడ దగ్గరికి రానివ్వలేదు. విషయం మీద మమకారంతో ఒకరు కూర్చుని రాసిన అసలు పుస్తకమే కావాలి. తల్లి అందులో కొంత చదువుతుంది, అదీ ఒక్కసారే. వెంటనే పిల్లవాడు విన్నది తన మాటల్లో చెప్పాలి. మధ్యలో దిద్దకూడదు, ప్రశ్నలు వేయకూడదు, మళ్లీ చదవమన్నా చదవకూడదు. ఆరేళ్లు నిండనివాళ్లను అసలు అడగనే కూడదు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి.

నా దృష్టిలో మేసన్ గొప్పతనమంతా ఆ ‘ఒక్కసారి’లో ఉంది. మన బళ్లలో పాఠం మేమే చదివి, మేమే అర్థం చెప్పి, మేమే ప్రశ్నలిచ్చి, జవాబులూ మేమే బోర్డు మీద రాసేవాళ్లం. పిల్లవాడి పనల్లా ఎక్కించుకోవడమే. ఇక్కడ చదివే మనిషి పని రెండు పేజీలతో సరి. ఏది ముందు, ఏది వెనక, ఏది వదిలేయాలి, ఏ మాట వాడాలి అన్న బరువంతా విన్నవాడి మీద పడుతుంది. వ్యాసం రాసేవాడి పనీ అదే కదా! అందుకే తొమ్మిదేళ్ల లోపు వ్యాసాలు రాయించవద్దంది. నోటితో చెప్పడం నడుస్తుంటే రాత దానంతటదే వస్తుందని ఆవిడ లెక్క.

చూచిరాతకు పది పదిహేను నిమిషాలు దాటనివ్వలేదు. పిల్లవాడికి నచ్చిన పద్యమే రాయమంది. ఉక్తలేఖనం సంగతి చదివితే నాకు ముచ్చటేసింది. ఎనిమిదీ తొమ్మిదేళ్లవాడికి ఒక పేరా ఇచ్చి ముందు చూసుకోమంటారు. అనుమానమున్న మాటలు వాడే చెబుతాడు. వాటిని బోర్డు మీద రాసి, కళ్లు మూసుకున్నా కనబడుతున్నాయని వాడు అన్నాక చెరిపేస్తారు. అప్పుడే చెప్పి రాయించడం. అంతా అయ్యాక తప్పులు వెతికి ఎర్రసిరాతో సున్నాలు చుట్టరు. తప్పు పడిన క్షణంలోనే జిగురు కాగితం ముక్క అంటించి ఆ మాట కప్పేస్తారు. తప్పు రూపం కంట్లో నిలిస్తే మళ్లీ చేతికి అదే వస్తుందని ఆవిడ భయం.

విడత చివర ప్రశ్నపత్రం టపాలో వచ్చేది. చిన్నవాళ్లు జవాబు నోటితో చెబితే తల్లి పొల్లుపోకుండా రాసి యాంబుల్‌సైడ్‌కు పంపేది.

మా అమ్మాయి చందమామ కథలతో ఇదే చేస్తోంది. ఒక కథ విని మనవరాలు, “రాజు వెరీ సాడ్ అయిపోయి, గుర్రాన్ని అక్కడే లీవ్ చేశాడు” అంది. ‘వదిలేశాడు’ అనే మాట నా నోటిదాకా వచ్చింది. “అమ్మా, ఆగవే. దాన్ని పూర్తి చేయనీ” అంది మా అమ్మాయి. కథ చివరికొచ్చేసరికి రాజు మళ్లీ ఏదో వదలాల్సి వచ్చింది. ఈసారి చక్కగా ‘వదిలేశాడు’. ఆ మాట కథలో ఉన్నదే.

కలిగినవాళ్ల పిల్లలకే చెల్లే చదువు ఇది అన్నవాళ్లు లేకపోలేదు. 1914లో యార్క్‌షైర్‌లోని డ్రిగ్లింగ్టన్ అనే గనికార్మికుల ఊళ్లో సర్కారు బడి ఈ పద్ధతి చేపట్టాక ఆ మాటకు బలం తగ్గింది. గని పిల్లలూ విన్నారు, విన్నది చెప్పారు. తర్వాత మరిన్ని సర్కారు బళ్లు ఆ దారి పట్టాయి. మేసన్ 1923 జనవరిలో కన్నుమూసింది. ఆ తర్వాత ఆవిడ పుస్తకాలు క్రమంగా మరుగున పడ్డాయి. 1984లో సూసన్ షేఫర్ మెకాలే రాసిన పుస్తకం అమెరికాలో ఆవిడ పేరు మళ్లీ ఎత్తింది. 1989లో చదువు మీద మేసన్ రాసిన ఆరు సంపుటాలూ తిరిగి అచ్చయ్యాయి. అప్పటికే అక్కడ ఇంటిచదువు ఊపందుకుంటోంది, అందులో ఇవి చేరిపోయాయి.

పరాయిదేశంలో పిల్లలకు తెలుగు నిలవాలని తపించేవాళ్లు ముందు అక్షరాల చార్టులు కొంటారు. కొననీండి, తప్పులేదు. కానీ పిల్లలకు వినడానికి కథ, చెప్పడానికి వంతు, అంతసేపూ నోరు మూసుకుని వినే పెద్దమనిషి, ఈ మూడూ లేకపోతే చార్టు గోడకే ఉంటుంది. మొదటి రెండూ తేలికే. మూడోదే మా పంతుళ్లకూ, తల్లులకూ, అమ్మమ్మలకూ కష్టం.