స్టడీ సర్టిఫికెట్ విలువ: మన బడి నుంచి ఇంజనీరింగు దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, మన పిల్లలు ఇంజనీరింగులో చేరిన దారుల గురించి రాస్తానన్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి ఇంజనీర్లయినవాళ్లు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో, ఏ ర్యాంకు వచ్చిందో మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మార్కులతో పాటు బడి ఇచ్చిన ఒక చిన్న కాగితం ఎంత పని చేసిందో చెప్పుకోవడం తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ముందుగా కాలేజీ సంగతి. ఒకప్పుడు మనవాళ్లు ఇంజనీరింగు చదవాలంటే మద్రాసు గిండీ వైపు చూడవలసిందే. విద్యలో వెనుకబడ్డామన్న బాధ రాయలసీమకు అప్పటికే ఉంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలో కూడా ఉండాలని రాసుకున్నది అందుకే. విశ్వవిద్యాలయం అప్పుడు రాలేదు కానీ, 1946లో దత్త మండలాల కోసమని ఒక ఇంజనీరింగు కాలేజీ మొదలైంది. మొదట్లో అది గిండీ ఆవరణలోనే నడిచింది. 1948లో అనంతపురానికి తరలివచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం కింద మొదలై, తర్వాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందికి, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 2008లో అనంతపురమే ఒక ప్రత్యేక జేఎన్‌టీయూకి కేంద్రమైంది.

కాలేజీ దగ్గరికి వచ్చినంత మాత్రాన అందులో అడుగుపెట్టడం తేలిక కాలేదు. ఎస్సెస్సెల్సీ ముగించి, పీయూసీ ఒక ఏడాది చదివి, ఆపైన అయిదేళ్ల ఇంజనీరింగు చదివిన తరం మనలో పెద్దవాళ్లది. అప్పట్లో బడిలోనే లెక్కలు రెండు రకాలు: జనరల్, కాంపోజిట్. ఇంజనీరింగు వైపు వెళ్లాలంటే కాంపోజిట్ లెక్కలు తీసుకొని ఉండాలి. లెక్కలంటే భయపడో, చెప్పేవాళ్లు లేకో జనరల్ తీసుకున్న పిల్లవాడికి ఆ తలుపు పద్నాలుగేళ్ల వయసులోనే మూసుకుపోయేది. ఆ సంగతి అతనికి తెలిసేది మాత్రం పరీక్షలు రాశాకే. ‘నువ్వు కాంపోజిట్ తీసుకోరా’ అని భుజం తట్టిన లెక్కల మాస్టారు ఎందరి జీవితాలు మలుపు తిప్పారో ఆయనకే తెలియదు.

1969 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికి బోర్డు ఏర్పడింది. ఎంపీసీ అన్న మూడక్షరాలు ఇంటింటి మాట అయ్యాయి. తర్వాత ఇంజనీరింగు నాలుగేళ్లయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం నడిచాక ఆరు సూత్రాల పథకం కుదిరింది. దానిని అమలు చేయడానికి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. 1974 జూలై 1న విద్యాసంస్థల ప్రవేశాలకు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. మన సంఘం వయసు, ఆ ఉత్తర్వు వయసు ఇంచుమించు ఒకటే. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా మూడు భాగాలు చేసి, సీట్లలో 85 శాతం ఆయా ప్రాంతాల స్థానికులకే ఉంచారు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు మన భాగం.

స్థానికుడు అంటే ఎవరు? ఇక్కడ పుట్టినవాడనో, ఇక్కడ భూమి ఉన్నవాడనో ఉత్తర్వు అనలేదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడి విద్యాసంస్థల్లో చదివినవాడు అన్నది. ఇంజనీరింగుకు అర్హత పరీక్ష ఇంటర్మీడియట్. ఆ నాలుగేళ్లలో రెండు ఇంటర్ అయితే, మిగతా రెండూ తొమ్మిది, పది తరగతులు. అంటే సగం రుజువు మన బడి రిజిస్టరులోనే ఉంది. హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర ఉన్న స్టడీ సర్టిఫికెట్ లేకపోతే ఎంత మంచి ర్యాంకైనా ఆ 85 శాతంలోకి తీసుకుపోదు.

వేరే జిల్లాల్లో ఇది మామూలు లాంఛనం. మన దగ్గర కాదు. హిందూపురం నుంచి బెంగళూరు, అనంతపురం రెండూ నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ దూరమే. ఒకే పట్టాల మీద ఒక రైలు అటు పోతుంది, ఒకటి ఇటు పోతుంది. బెంగళూరులో మేనమామ ఉన్నాడనో, అక్కడైతే ఇంగ్లీషు వస్తుందనో పది కాగానే పిల్లల్ని అక్కడ పీయూసీలో చేర్చడం మన వైపు ఎప్పటినుంచో ఉంది. నాతో పాటు పది పాసైన ఒక మిత్రుడు అలాగే వెళ్లాడు. లెక్కల్లో నాకంటే గట్టివాడు. రెండేళ్ల తర్వాత మంచి మార్కులతో తిరిగొచ్చి అనంతపురం కాలేజీకి దరఖాస్తు పెడితే, నువ్వు స్థానికుడివి కాదన్నారు. వాళ్ల తాత ముత్తాతలు ఇక్కడివాళ్లే. నాన్నకు ఇక్కడే అంగడి. అయినా చివరి రెండేళ్ల చదువు పక్క రాష్ట్రంలో సాగింది కాబట్టి మిగిలింది అందరికీ కలిపి ఉన్న 15 శాతమే. అందులో అతనికి సీటు రాలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఆ నియమం సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అంతే.

అదే నియమం మనకు చేసిన మేలూ చెప్పాలి. పెద్ద పట్టణాల పిల్లలతో నేరుగా పోటీపడితే వెనుకబడిపోయే మన పల్లె బడుల పిల్లలు, ఆ 85 శాతం ఉండబట్టే అనంతపురం, తిరుపతి కాలేజీల్లో అడుగుపెట్టారు.

1983లో ప్రవేశాల నియంత్రణకు, క్యాపిటేషన్ ఫీజు నిషేధానికి రాష్ట్రం చట్టం చేసింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండడం మన తెలుగు మీడియం పిల్లలకు పెద్ద ఊరట. కౌన్సెలింగుకు మాత్రం మొదట్లో హైదరాబాదు వెళ్లాలి. రేకు పెట్టెలో సర్టిఫికెట్లు పెట్టుకొని, తువ్వాలు భుజాన వేసుకొని కొడుకుతో రాత్రి రైలెక్కిన నాన్నలను ఎందరినో చూశాను.

ఇంకో దారి పాలిటెక్నిక్. పది కాగానే మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ కోచింగుకు డబ్బు పెట్టలేని ఇళ్లకు, ధర్మవరం మగ్గాల ఇళ్లతో సహా, ఇది నమ్మకమైన మెట్టు. నడుమ ఎక్కడ ఆగినా చేతిలో ఒక ఉద్యోగపు చదువు ఉంటుంది.

1990ల చివరి నుంచి ప్రైవేటు కాలేజీలు పెరిగాయి. 2007-08 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక సీటు దొరకడం కష్టం కాలేదు. మంచి సీటు దొరకడమే కష్టమైంది. 2009 నుంచి ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం విలువ ఇచ్చారు. కోవిడ్ రోజుల్లో దాన్ని ఆపి, తర్వాత మళ్లీ తెచ్చారు. వైద్యవిద్య నీట్‌కు పోయాక, 2021లో మన పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది. ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ జేఈఈ వేరే దారి.

రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లు పాత ప్రవేశాల పద్ధతే సాగి, 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏ ఏటికి ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోవాలి. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక, ఇంజనీరింగు అంటే ఊరు విడిచి పోవడమే అనుకునే రోజులు కూడా మారుతున్నాయి. ఇప్పుడీ పిల్లలకు దారి తెలియడం ఇంకా ముఖ్యం.

అందుకే సంఘానికి రెండు మనవులు. ఒకటి, బడిలోని పాత అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకముందే స్కాన్ చేయించి భద్రపరుద్దాం. ఎవరో ఒకరి రుజువు ఇంకా వాటిలో ఉంది. రెండోది, ఏటా ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలనూ తల్లిదండ్రులనూ పిలిచి ఈ దారులన్నీ చెబుదాం. నాలుగేళ్ల లెక్క మొదలయ్యేది ఆ తరగతిలోనే. బెంగళూరు పంపవద్దని చెప్పడం మన పని కాదు. పంపితే ఏం వదులుకుంటారో ముందే చెప్పడం మన పని.

నా మిత్రుడు ఆ తర్వాత వేరే చదువు చదివి బాగానే స్థిరపడ్డాడు. కలిసినప్పుడల్లా ఒక మాట అంటాడు: ‘ఒక్కరు చెప్పి ఉంటే చాలురా.’ ఆ ఒక్కరం మనం అవుదాం.